గాలిని పాడుచేయని నేల: సీమ ఇళ్ళకు ఫ్లోరింగ్ ఎంపిక

కొత్త ఇల్లు కట్టించేవారు గోడల రంగు గురించి, వాకిలి తలుపు చెక్కడం గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. నేల సంగతి మాత్రం చాలా ఇళ్ళలో ఆఖరి పదిహేను రోజుల్లో, దుకాణంలో దీపాల కింద మెరిసే నమూనా చూసి తేలిపోతుంది. నిజానికి ఇంట్లో మనిషి ఒంటికి అన్నిటికంటే ఎక్కువగా తగిలేది నేలే. పాకే పిల్లలు నేలకు అరచేతులు ఆనించి, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో పెద్దవాళ్ళు చాప కూడా పరచుకోకుండా బండ మీద నడుం వాలుస్తారు. కూరగాయలు తరిగేది, పిండి జల్లించేది, బంధువులు వస్తే బంతి భోజనాలు పెట్టేది నేల మీదే. అందువల్ల ఈ నేలను దేనితో చేశారు, దేనితో అంటించారు, పైన ఏం పూశారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన తర్వాతే డబ్బు కట్టడం మంచిది. చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఇంట్లో గాలిని పాడుచేసేది చాలాసార్లు మిగిలిన రెండింటిలో ఉంటుంది.

ఈ వ్యాసాన్ని కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఇల్లు కట్టుకుంటున్నవారిని, పాత ఇంటికి కొత్త నేల వేయించుకుంటున్నవారిని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

వాసన ఎక్కడి నుంచి వస్తుంది

కొత్తగా వేసిన నేల దగ్గర వచ్చే ఘాటైన వాసన చాలామటుకు మామూలు ఉష్ణోగ్రత దగ్గరే ఆవిరయ్యే సేంద్రియ రసాయనాలది. వీటినే వీఓసీలు అంటారు. రబ్బరు జిగురులో కలిపే టోలుయీన్ వంటి ద్రావకాలు, పాలిష్‌లో ఉండే తిన్నర్, చెక్క పొడిని అతికించే రెజిన్ నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ ఈ కోవలోవే. కళ్ళు మండడం, గొంతు గరగరలాడడం, తలనొప్పి, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరగడం వీటి వల్ల కలిగే సాధారణ ఇబ్బందులు. ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే వర్గీకరించింది. ఇంటి లోపలి గాలిలో అది ఏ అరగంట సగటు చూసినా ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని అదే సంస్థ 2010లో మార్గదర్శకం ఇచ్చింది.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించే విషయం ఒకటుంది. చెక్క పలకలపై ‘ఈ1’ అని ఉండే ముద్రకు ఆధారమైన ఐరోపా పరీక్షలో నమూనాను 23 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, దాని నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్‌ను కొలుస్తారు. మే నెలలో అనంతపురంలోనో కర్నూలులోనో పై అంతస్తు గది లోపల సాయంత్రానికి ఎంత వేడి ఉంటుందో మనకు తెలుసు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ రసాయనం వెలువడే వేగం రెట్టింపు దాకా పెరగవచ్చు. అంటే చల్లని దేశపు పరీక్షగదిలో నెగ్గిన సరుకు, మన ఇంట్లో, తలుపులన్నీ మూసి ఊరికి వెళ్ళి నాలుగు రోజుల తర్వాత తిరిగి వచ్చినప్పుడు, అదే తీరుగా ప్రవర్తిస్తుందని అనుకోవడానికి లేదు. ముద్ర అక్కరలేదని నేను అనడం లేదు. గ్రీన్‌గార్డ్ గోల్డ్, ఫ్లోర్‌స్కోర్ వంటి ముద్రలు వెలువడే రసాయనాల పరీక్షకు సంబంధించినవే కాబట్టి ముద్ర లేని సరుకు కంటే ఉన్నది నయం. మన దేశంలో భారత పరిశ్రమల సమాఖ్య ఇచ్చే గ్రీన్‌ప్రో ముద్ర కూడా ఉంది. అయితే ముద్ర చూసి నిశ్చింతగా ఉండిపోకుండా, ఆవిరయ్యే పదార్థమే లేని నేలను ముందుగా వెతకడం మన ఎండలకు తగిన పద్ధతి.

అదే రాయి రెండు దారుల్లో

అలాంటి నేల కోసం మనం దూరం పోనవసరం లేదు. నంద్యాల జిల్లా బేతంచెర్ల, బనగానపల్లె చుట్టుపక్కల, అనంతపురం జిల్లా తాడిపత్రి దగ్గర, కడప జిల్లా ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు భూమిలో పొరలు పొరలుగా ఉన్న సున్నపురాయినే మనం నాపరాయి అంటాము, బయటివాళ్ళు కడప బండ అంటారు. భూగర్భ శాస్త్రవేత్తలు కడప జిల్లాలోని నార్జి ఊరి పేరు మీద దీని ప్రధాన పొరను నార్జి సున్నపురాయిగా పిలుస్తారు. పొరల వెంట చీలిపోయే గుణం ఉండడం వల్ల దీన్ని పలకలుగా తీయడం తేలిక. అందుకే ఈ చుట్టుపక్కల పల్లెల్లో నేలకే కాక మిద్దె పైకప్పుకు, పొలాల చుట్టూ కంచెకు, పశువుల తొట్లకు కూడా ఇదే బండను వాడుతూ వచ్చారు.

ఈ బండలో జిగురు లేదు, ప్లాస్టిక్ లేదు, రెజిన్ లేదు, కాబట్టి ఆవిరై గాలిలో కలిసేది ఏమీ లేదు. పర్యావరణం వైపు నుంచి చూస్తే దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల ప్రాంతాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ సున్నపురాయి కోసమే. సిమెంటు చేయాలంటే రాయిని పొడి చేసి, దాదాపు 1450 డిగ్రీల దాకా కాల్చాలి. అలా కాల్చినప్పుడు బొగ్గు పొగ ఒక ఎత్తయితే, రాయి లోపలి నుంచే కార్బన్ డయాక్సైడ్ బయటికి రావడం మరో ఎత్తు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు ఆ వాయువుగా గాలిలో కలుస్తుంది. అదే రాయిని కోసి, నునుపు చేసి నేల మీద పరిస్తే అందులోని కార్బన్ రాతిలోనే ఉండిపోతుంది. కోతకు, పాలిష్‌కు పట్టే కరెంటు, లారీ డీజిలు మాత్రమే దాని లెక్కలోకి వస్తాయి. లారీ దూరం కూడా కర్నూలు నుంచి బేతంచెర్లకైనా, అనంతపురం నుంచి తాడిపత్రికైనా, కడప నుంచి ఎర్రగుంట్లకైనా వంద కిలోమీటర్ల లోపే. గుజరాత్‌లోని మోర్బి నుంచి వచ్చే విట్రిఫైడ్ టైల్స్ వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తాయి. అంతకు ముందే 1200 డిగ్రీల వేడిలో కాలి ఉంటాయి.

గనుల వల్ల నష్టమే లేదని చెప్పడం మాత్రం న్యాయం కాదు. తీసిన రాయిలో చాలా భాగం ముక్కలై వ్యర్థాల గుట్టగా మిగిలిపోతుంది, పాలిష్ ఫ్యాక్టరీల చుట్టూ తెల్లని బురద ఎండి గాలికి లేస్తుంది, కోసేవారి ఊపిరితిత్తుల్లోకి ఆ దుమ్ము పోతుంది. కొనేవారు చేయగలిగిన మంచి పని ఒకటుంది. ఒకే కొలతలో ఉన్న నాలుగడుగుల పెద్ద పలకలే కావాలని పట్టుబట్టకుండా, అడుగు, అడుగున్నర, రెండడుగుల పలకలు కలిపి వేయించుకుంటే గని దగ్గర పారవేసే రాయి తగ్గుతుంది, ధర కూడా కలిసివస్తుంది. పక్కవసారాకు, పెరటికి, మెట్ల అంచులకు మిగిలిన ముక్కలను అడిగి తెచ్చుకోవచ్చు.

యార్డులో చూడవలసినవి

బండలు ఎంచుకోవడానికి పొద్దుటి వేళ వెళ్ళండి, వెంట ఒక తెల్లని నూలుగుడ్డ, ఒక నిమ్మకాయ, చిన్న సీసాలో నీళ్ళు, కాస్త తిన్నర్ పట్టుకెళ్ళండి. ముందు పలకను ఒక చివర ఎత్తి పట్టించి, మధ్యలో నాణెంతో గానీ చిన్న సుత్తితో గానీ తట్టండి. గట్టి పలక ఖంగుమని మోగుతుంది, లోపల బీట ఉంటే శబ్దం బొంగురుగా, చచ్చిపోయినట్టు వస్తుంది. తర్వాత పలక మీద నీళ్ళు చల్లి, పైతడి ఆరేదాకా చూస్తూ ఉండండి. బీటలు ఉన్నచోట నీరు లోపలికి పోయి, చుట్టూ ఆరిపోయినా అక్కడ సన్నని గీత తడిగా కనిపిస్తూనే ఉంటుంది. అంచులను పక్క నుంచి చూడండి, పొరలు గోటితో గీరితే లేచి వచ్చే పలకను పక్కన పెట్టించండి. తెల్లని సన్న చారలు ఈ రాయికి సహజం, అవి లోపం కావు.

నూలుగుడ్డ అవసరం నల్ల బండల దగ్గర వస్తుంది. నాపరాయి సహజంగా ముదురు బూడిద రంగు నుంచి నలుపు దాకా ఉంటుంది. కొన్నిచోట్ల మరింత నల్లగా, మెరుస్తూ కనబడడానికి నూనె, రంగు కలిపిన పాలిష్ పూస్తారు. గుడ్డకు కాస్త తిన్నర్ లేదా గోళ్ళరంగు తుడిచే ద్రవం అద్ది, పలక మూల గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే ఆ నలుపు రాతిది కాదు, పూతది. అలాంటి పూత కొన్ని నెలల్లో నడిచేచోటల్లా వెలిసిపోవడమే కాక, మనం వద్దనుకున్న ద్రావకాలను ఇంట్లోకి తెస్తుంది. పూత లేని బండ ఇవ్వమని అడగండి. కొద్దిగా వెలిసినట్టు కనిపించే అసలు రంగే ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

నిమ్మకాయను సగానికి కోసి, ఒక నమూనా ముక్క మీద బోర్లించి గంటసేపు వదిలేయండి. తీసి తుడిస్తే ఆ నిమ్మచెక్క ఆకారంలో పాలిపోయిన గుండ్రని మచ్చ మిగిలి ఉంటుంది, వేలితో తడిమితే ఆ మేర గరుకుగా తగులుతుంది. ఇది ఆ బండ చెడ్డదని చెప్పే పరీక్ష కాదు, సున్నపురాయి ఏదైనా ఇలాగే చేస్తుంది. ఇంట్లో ఏ గదికి ఈ రాయి తగదో మీకు కళ్ళతో తెలియడానికే ఈ పని చేయమంటున్నాను. చింతపండుతో ఇత్తడి సామాన్లు తోమే చోట, వంటగట్టు మీద, మరుగుదొడ్డిలో ఈ బండను మెరిసే పాలిష్‌తో వేయిస్తే ఆరు నెలల్లో బాధపడతారు. అక్కడికి గ్రానైట్ గానీ మెరుపు లేని గరుకు టైల్స్ గానీ తగినవి.

ఒక అంగుళం మందం ఉన్న చదరపు అడుగు బండ సుమారు ఆరు కిలోల పైచిలుకు తూగుతుంది. పై అంతస్తుకు వేయించేటట్టయితే పలుచని పలకలే తీసుకొని, కట్టడం చూసే ఇంజినీరుకు ముందుగా చెప్పండి.

బండ కింద

నేల ఆరోగ్యం చాలావరకు కంటికి కనపడని చోట నిర్ణయమవుతుంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి నేలల్లో పునాది లోపల అదే మన్ను నింపితే వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కుంగి, ఎంత మంచి బండలైనా లేచిపోతాయి, సందులు విచ్చుకుంటాయి. ఆ సందుల్లో తేమ, చీమలు, బొద్దింకలు చేరుతాయి, వాటికి మందు కొట్టవలసి వస్తుంది, ఆ మందు మళ్ళీ ఇంటి గాలిలోకే వస్తుంది. నల్లమన్ను తీసేయించి గరుసు పోయించండి. ఆరేసి అంగుళాల పొరలుగా పోసి, నీళ్ళు కొట్టి, ఒక్కో పొరకూ దిమ్మిస వేయించండి. మేస్త్రి తొందరపడి ఒకేసారి రెండడుగులు నింపబోతే దయచేసి ఆపండి, ఇక్కడ మిగిలే రెండు రోజుల కూలికి పదింతలు తర్వాత నేల మొత్తం తవ్వడానికి అవుతుంది.

చెదల మందు విషయంలో జాగ్రత్త వహించాలి. పునాదిలో పోసే ఈ మందులు పురుగుమందులే. తప్పనిసరి అయితే మందు పోసిన వెంటనే పైన కాంక్రీటు వేసి పూర్తిగా మూసేయాలి, గర్భిణులు, పిల్లలు ఆ రోజుల్లో పని జరిగే చోటికి రాకూడదు. నేల రాయిదై, గుమ్మాల అడుగు భాగం కూడా రాయిదే అయితే చెదలకు తినడానికి దొరికేది తగ్గుతుంది.

ఇక పరుపు. బండ కింద వేసే సిమెంటు ఇసుక పొరను మేస్త్రులు అలవాటుగా రెండు అంగుళాలు, ఒక్కోసారి మూడు అంగుళాలు పోస్తారు. ఒకటికి ఆరు పాళ్ళలో వెయ్యి చదరపు అడుగులకు రెండు అంగుళాల పరుపు అంటే ఇంచుమించు 25 బస్తాల సిమెంటు. బండలను మందం ప్రకారం ముందే వేరు చేయించి, అడుగు కాంక్రీటును మట్టం చూసి వేయిస్తే అంగుళం, అంగుళంన్నర పరుపుతో సరిపెట్టవచ్చు. నేలను పర్యావరణానికి అనుకూలంగా వేయించాలంటే ఇంతకు మించి ఫలితం ఇచ్చే పని మరొకటి లేదని నా అభిప్రాయం, ఎందుకంటే నాపరాతి నేలలో కార్బన్ భారం ఎక్కువగా బండది కాదు, ఆ బస్తాలది. సిమెంటు కూడా బూడిద కలిపిన పీపీసీ గానీ, ఉక్కు కొలిమి స్లాగ్ కలిపిన పీఎస్‌సీ గానీ అడగండి. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం వంటిచోట్ల మిగిలే బూడిదే పీపీసీలో కలిసేది. నేల పనికి బలం ఏమాత్రం తక్కువ కాదు, కాకపోతే తడి పెట్టే రోజులు కాస్త ఎక్కువ ఇవ్వాలి.

సున్నం పని తెలిసిన మేస్త్రి దొరికితే అదృష్టమే. గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి పరుపు వేసే పద్ధతిలో సున్నం ఆరేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంత తిరిగి పీల్చుకుంటుంది, నేల కింది తేమ కూడా తేలిగ్గా బయటికి పోతుంది. కానీ ఇది వారాల తరబడి ఓపిక అడిగే పని. ముహూర్తం దగ్గర పడ్డాక మొదలుపెట్టవద్దు.

బండలను మెషీన్‌తో కోసేటప్పుడు నీళ్ళు పోస్తూ, ఇంటి బయట కోయమని చెప్పండి. పొడిగా కోస్తే లేచే సన్నని రాతి దుమ్ములో సిలికా ఉంటుంది. గ్రానైట్‌లో, టైల్స్‌లో అది ఇంకా ఎక్కువ. ఏళ్ళ తరబడి పీల్చిన కార్మికులకు వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు నయం చేసే మందు లేదు. నాలుగు మాస్కులు, ఒక నీటి డబ్బా మనమే పెట్టిద్దాం, అది పెద్ద ఖర్చు కాదు.

పైన ఏం పూయాలి, ఏం పోయకూడదు

పని ముగిసిన రోజు చాలాచోట్ల జరిగేది ఇది. బండల మీద పడిన సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోసి చీపురుతో రుద్దుతారు. బుసబుసమని నురుగు వస్తుంది, మరకలు పోతాయి, దానితోపాటు రాతి పైపొర కూడా పోతుంది. సున్నపురాయికి ఆమ్లం ఏం చేస్తుందో చూడాలంటే కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలకు వెళ్ళాలి. వాననీటిలో కరిగిన కొద్దిపాటి కార్బానిక్ ఆమ్లమే, లెక్కలేనన్ని వేల ఏళ్ళ మీద, ఇదే రకం రాతిని కరిగించి మూడు కిలోమీటర్లకు పైబడిన గుహను చేసింది. దానికంటే ఎన్నో రెట్లు ఘాటైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఇంటి నేల మీద పోయవలసిన అవసరం లేదు. సిమెంటు ఆరకముందే తడి గుడ్డతో తుడవమని మొదటి రోజే మేస్త్రికి చెప్పండి, ఆరినదాన్ని చెక్క బద్దతో గీకించండి, మిగిలింది పాలిష్ మెషీన్ చూసుకుంటుంది. పాలిష్ చివర ఆక్సాలిక్ పొడి వాడతామంటే, అది విషపూరితమని గుర్తుంచుకొని, రెండుమూడు సార్లు నీళ్ళతో బాగా కడిగించండి.

మెరుపు కోసం తిన్నర్ వాసన వచ్చే లక్కర్ పూతలు పూయించవద్దు. రాతి వల్ల రాని రసాయనాలన్నీ ఈ ఒక్క పూతతో ఇంట్లోకి వస్తాయి, పైగా రెండేళ్ళలో పొరలుగా లేచిపోతాయి. మరకలు పీల్చకుండా ఉండాలంటే నీటి ఆధారంగా చేసిన, రాతిలోకి ఇంకే రకం సీలర్ చాలు. డబ్బా మీద వీఓసీ లీటరుకు ఎన్ని గ్రాములో రాసి ఉంటే చూసి, తక్కువ ఉన్నది తీసుకోండి. పాత పద్ధతిలో అవిసె నూనె పలుచగా రుద్దడం కూడా బాగుంటుంది, కానీ లోహపు లవణాలు, ద్రావకాలు కలపని నూనే కావాలి. ఆ నూనె తుడిచిన గుడ్డలను మూలన కుప్పగా పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, నీళ్ళలో తడిపి విడివిడిగా ఆరేయండి. కొబ్బరినూనె మాత్రం ఆరదు, జిడ్డుగా మిగిలి దుమ్మును పట్టి ఉంచుతుంది.

రోజూ తుడవడానికి మామూలు నీళ్ళు, వారానికోసారి గిన్నెల సబ్బు నాలుగు చుక్కలు కలిపిన నీళ్ళు సరిపోతాయి. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి తడి ఆరిపోయాక తెల్లని చారలు తేలుతాయి, తుడిచిన వెంటనే పొడి గుడ్డ పెడితే అవి రావు. టాయిలెట్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ ఒకేచోట కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఇది ప్రాణాపాయం, ఇంట్లో పని చేసేవారికి కూడా ఈ మాట చెప్పి ఉంచండి.

మిగిలిన రకాల గురించి

ఎర్ర గచ్చు, అంటే సిమెంటులో ఐరన్ ఆక్సైడ్ ఎర్ర పొడి కలిపి తాపీతో నునుపు దేలేదాకా రుద్దే నేల, పాత ఇళ్ళలో ఎంత చల్లగా ఉండేదో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీఓసీలు లేవు, ధర తక్కువ. తడి సరిగా పెట్టకపోతే, పెద్ద గదిని మధ్యలో గాజు పట్టీలతో విడదీయకపోతే బీటలు వారుతుంది. తమిళనాడు చెట్టినాడు ప్రాంతపు ఆత్తంగుడి టైల్స్‌ను కొలిమిలో కాల్చరు, గాజు మీద అచ్చుపోసి నీటిలో నానబెట్టి ఆరబెడతారు, పూజగదికి, వసారాకు అందంగా ఉంటాయి. విట్రిఫైడ్ టైల్స్ నుంచి ఏ రసాయనమూ వెలువడదు, శుభ్రం చేయడం తేలిక, భారమంతా వాటి తయారీలో, రవాణాలో ఉంది. వాటిని పొడి రూపంలో వచ్చి నీళ్ళతో కలుపుకునే సిమెంటు జిగురుతో అంటించండి, ద్రావకాలు కలిసిన జిగురుతో వద్దు. గ్రానైట్ విషయంలో రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు గురించి భయపెట్టే మాటలు వినబడతాయి. కిటికీలు తెరిచి ఉంచుకునే మన ఇళ్ళలో నేల గ్రానైట్ నుంచి వచ్చే మోతాదు పట్టించుకోదగినంత ఉండదు.

నా అభ్యంతరమంతా చెక్క లాగా కనబడే లామినేట్ మీద, ప్లాస్టిక్ షీట్ల మీద. లామినేట్ లోపల ఉండేది చెక్క పొడిని ఫార్మాల్డిహైడ్ రెజిన్‌తో నొక్కిన పలక. ఏసీ గదికి బాగుంటుందని అమ్ముతారు, ఏసీ గది అంటేనే గాలి మారని గది. నీళ్ళు తగిలితే అంచులు ఉబ్బుతాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచెత్తిన సంగతి మనం మరిచిపోలేదు, అలాంటి నీరు దిగిపోయాక బండ నేలను కడిగి మళ్ళీ కాపురం చేయవచ్చు, లామినేట్‌ను మాత్రం ఊడదీసి పారవేయాలి. అద్దె ఇళ్ళలో పరిచే చవక వినైల్ షీట్లను మెత్తగా ఉంచడానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు, అవి క్రమంగా బయటికి వచ్చి నేల దుమ్ములో చేరుతాయి, ఆ దుమ్ము పాకే పిల్లల చేతులకు అంటుతుంది. తప్పనిసరిగా కొనాలంటే థాలేట్లు లేవని రాతపూర్వకంగా ఉన్నదే కొనండి, దాన్ని జిగురుతో అంటించకుండా ఊరికే పరవండి. వెదురు పలకలను పచ్చదనానికి గుర్తుగా అమ్ముతున్నారు. వెదురు మంచిదే, దాని పట్టీలను అతికించిన జిగురు ఏ రకమో అడగకుండా కొనవద్దు.

దుకాణంలో చెప్పే మాటల మీద అనుమానం ఉంటే ఇంట్లోనే చిన్న పరీక్ష చేయవచ్చు. నమూనా ముక్కను మూత బిగుతుగా ఉండే గాజు సీసాలో పెట్టి, మిద్దె మీద ఒక పూట ఎండలో ఉంచండి. సాయంత్రం మూత తీసి, సీసాను ముఖానికి కాస్త దూరంగా పట్టుకొని చేత్తో గాలిని ముక్కు వైపు తోసుకోండి. ఘాటుగా తగిలితే ఆ సరుకు వద్దు. వాసన రానంత మాత్రాన ఏమీ లేదని చెప్పలేము, వాసనకు అందనంత తక్కువ మోతాదులో కూడా కొన్ని రసాయనాలు ఉంటాయి. వద్దనుకోవడానికి ఈ పరీక్ష పనికివస్తుంది, మంచిదని నిర్ధారించుకోవడానికి చాలదు.

గృహప్రవేశానికి ముందు

ముహూర్తం కుదిరాక రంగులు, చెక్క పాలిష్, నేల పాలిష్ అన్నీ ఆఖరి వారంలో ఒకదాని మీద ఒకటి జరుగుతాయి, ఆ రాత్రే చంటిపిల్లలతో, వృద్ధులతో సహా అందరూ అక్కడే నిద్ర చేస్తారు. కొత్త ఇంటి గాలి అన్నిటికంటే పాడుగా ఉండే రోజులు అవే. నేల పని, సీలర్ పూత ముహూర్తానికి కనీసం మూడు వారాల ముందు ముగిసేలా పని క్రమం రాసుకోండి. ఆ మూడు వారాలూ పగలంతా ఎదురెదురు కిటికీలు, తలుపులు తెరిచి ఉంచండి, ఉంటే ఫ్యాన్లు కూడా తిప్పండి. మన ఎండకు రసాయనాలు త్వరగా బయటికి వస్తాయి కాబట్టి, ఖాళీ ఇంట్లో అదే ఎండ మనకు మేలు చేస్తుంది.

ప్రవేశం రోజున పాలు పొంగించే చోట, హోమగుండం కింద ఇటుకలు, ఇసుక, కలశం పెట్టే చోట పీట లేదా మందమైన గుడ్డ వేయించండి. పసుపునీళ్ళు, నెయ్యి, కుంకుమ కొత్త బండలోకి ఇంకితే మరక పోదు. గుమ్మం దగ్గర పిండే నిమ్మకాయలను ఒక ఆకులో పెట్టించి, వెంటనే తీసేయించండి.

ఇప్పటికే లామినేట్ గానీ వినైల్ గానీ వేయించుకున్నవారు కంగారుపడి రేపే పీకించనవసరం లేదు. వీటి నుంచి వెలువడే రసాయనాలు మొదటి నెలల్లో ఎక్కువగా ఉండి, కాలం గడిచేకొద్దీ తగ్గుతాయి. ఊరి నుంచి తిరిగి రాగానే ముందు కిటికీలన్నీ తెరిచి అరగంట బయట కూర్చోండి, ఏసీ వేసే గదిలో కూడా పొద్దున, సాయంత్రం గాలి మారనివ్వండి, చీపురుతో దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవండి, ఊడిన అంచులకు, కోసిన చోట్లకు నీటి ఆధారిత సీలర్ పూయండి. పాకే బిడ్డ ఉంటే వినైల్ మీద ఉతకడానికి వీలైన నూలు జంపఖానా గానీ, అనంతపురం వైపు నేసే గొర్రెబొచ్చు కంబళి గానీ పరిచి, కంబళిని వారానికోసారి ఎండలో దులపండి. ఆ నేల మార్చే వంతు వచ్చినప్పుడు, పాత షీట్‌ను పెరట్లో కాల్చకుండా ప్లాస్టిక్ సేకరించేవారికి ఇవ్వండి, వినైల్ అంటే పీవీసీ ప్లాస్టిక్, అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు అనే విష పదార్థాలు పొగలో వస్తాయి.